కత్తెరమ్మ పెంపకం

ఆ వీధిలో ఆమెను ఎదురుగా టైలరమ్మ అనేవాళ్ళు, వెనకాల కత్తెరమ్మ అనేవాళ్ళు. చేతిలో కత్తెర టైలర్లందరికీ ఉంటుంది, ఈవిడకు నోట్లో కూడా ఉండేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ నడుం చుట్టూ టేపు తిప్పుతూ, "పోయినసారి ఒక్కరే వచ్చారు, ఈసారి ఇంకొకరిని కూడా మోసుకొచ్చారే" అనేది. వాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నెల తిరక్కుండా గుడ్డ చంకలో పెట్టుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు, ఎందుకంటే గుడ్డ చిరిగినా ఆమె వేసిన కుట్టు ఊడేది కాదు.

ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను, గోడకు కొట్టిన మేకులకు దారపు రీళ్ళు, గదిలో సగాన్ని ఆక్రమించిన కటింగు బల్ల. వెనక గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ. ఒకప్పుడు పెళ్ళి చేసుకుంది. కొన్నాళ్ళు భరించింది, ఒకరోజు మొగుణ్ణి వెంటబెట్టుకెళ్ళి వాళ్ళమ్మ గుమ్మంలో వదిలేసి వచ్చింది. ఎవరైనా ఆరా తీస్తే, "కొలత కుదర్లేదు, తెచ్చినచోటే ఇచ్చేశాను" అనేది. ఇలా మాట్లాడేవాళ్ళకు లోపల మనసు వెన్న అని అందరూ సర్దిచెప్పుకుంటారు. అయ్యుండొచ్చు. లోపల దాచుకున్న వెన్న ఎవరి నోట్లోకి పోతుందో నాకు మాత్రం అర్థం కాదు.

ఉన్న ప్రేమంతా ఆమె చెల్లెలికి ధారపోసింది. తల్లి పోయాక ఆ పిల్లకు జడ వేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ, పెళ్ళి చేసి పంపిందీ ఈవిడే. చెల్లెలి మొగుడు ఇళ్ళకు రంగులు వేసేవాడు. పరంజా మీంచి పడి చనిపోయాడు. అప్పుడు చెల్లెల్ని చెప్పుల దుకాణంలో పనికి కుదిర్చిందీ ఈవిడే. చెల్లెలు చూడచక్కనిది, ఉత్త పిరికిది. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ వెంట నడిచే రకం.

ఒక మధ్యాహ్నం ఆ చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల మూడో తరగతి. స్కూలు బట్టల్లోనే ఉంది, భుజానికి పుస్తకాల సంచి, చేతిలో ఇంకో సంచి.

"అక్కా, నాలుగు రోజులు ఉంచుకోవే. పని మీద ఊరెళ్తున్నా."

"చెప్పులమ్మే దానికి వేరే ఊళ్ళో పనేంటే?"

చెల్లెలు పిల్ల తల నిమిరి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. పిల్ల గుమ్మంలో నిలబడి వీధి మలుపు దాకా చూసింది. తర్వాత లోపలికొచ్చి కటింగు బల్ల కింద కూర్చుంది.

వారం తర్వాత కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. పిల్ల స్కూల్లో ఉంది. చెల్లెలు గుసగుసగా, ఏడుస్తూ చెప్పింది. తనను ఒకాయన పెళ్ళి చేసుకున్నాడట. ఆయనకు గానీ, ఆయన తల్లిదండ్రులకు గానీ తనకో పిల్ల ఉందని తెలియదట. తెలిస్తే ఆ పూటే బయటికి గెంటేస్తారట.

"మరి పిల్ల గతేంటే?"

"నువ్వున్నావుగా అక్కా. ఈ నంబరు ఎవరికీ ఇవ్వకు. నేనెక్కడున్నానో నీకు తెలీదనే చెప్పు. నా మీద ఒట్టు."

కత్తెరమ్మ ఊపిరి అందేదాకా తిట్టింది. అందక ఆగినప్పుడు అవతల చెల్లెలి వెక్కిళ్ళు వినిపించాయి. అంతే, కరిగిపోయి ఒట్టు వేసింది. ఆ నంబరును ఫోన్లో "గుండీల కొట్టు" అని రాసి దాచుకుంది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

సాయంత్రం పిల్ల అడిగింది, "అమ్మ ఎప్పుడొస్తుంది పెద్దమ్మా?"

"వస్తుందిలే. ముందు ఆ కాళ్ళు కడుక్కో, బురద బురద."

పిల్లను ఆమె పిడుగు అని పిలిచేది. నిజానికి పిడుగు లక్షణాలేవీ ఆ పిల్లలో లేవు. నోట్లో నాలుక లేనట్టుండేది. బల్ల కింద కూర్చుని గుండీలను రంగుల వారీగా వేరుచేసేది, రాలిన ముక్కల్ని ఏరి గుడ్డసంచిలో వేసేది, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చెవులు రిక్కించి వినేది. కత్తెరమ్మ ఆ పిల్లకు వేడివేడిగా వండి పెట్టి, "నీకోసమేం వండలేదు, మిగిలితే పెట్టాను, తిను" అనేది. పిల్ల మంచం మీద, తాను కింద చాప మీద పడుకుని, "మంచం కుక్కి అయిపోయింది, నా నడుం విరుగుతోంది" అనేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నువ్వొచ్చాక ఇల్లు ఇల్లులా ఉందే" అని ఉంటే ఏం పోయేది? ఆ మాట ఆమె మిషనుతో చెప్పుకుని ఉంటుంది, పిల్లతో చెప్పలేదు.

స్కూల్లో తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు కత్తెరమ్మ వెళ్ళింది. తల్లి ఏదని టీచరు అడిగింది. ఊరెళ్ళిందంది. తర్వాతిసారీ అదే జవాబు. టీచరు పెద్ద టీచరుకు చెప్పింది, పెద్ద టీచరు పిల్లల సంక్షేమ ఆఫీసుకు చెప్పింది. ఒక ఆఫీసరమ్మ స్కూటరు వేసుకుని వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి, మెత్తగానే చెప్పింది. తల్లి జాడ తెలిసేదాకా పిల్లను ఉంచుకోవాలంటే బంధువులు టెంపరరీ కస్టడీకి అర్జీ పెట్టుకోవాలి, ఎవరింట్లో బాగుంటుందో తాము చూసి నిర్ణయిస్తాం, అప్పటిదాకా పిల్ల ఇక్కడే ఉండొచ్చు అని.

ఈ సంగతి పిల్ల బాబాయి చెవిన పడింది. తండ్రికి సొంత తమ్ముడు, బస్టాండు వెనకాల పంక్చర్లు వేసే షాపు. అన్న పోయిన నాటి నుంచి ఈ పిల్ల బతికుందో లేదో కనుక్కోని మనిషి, ఇప్పుడు గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చి తానూ అర్జీ పెట్టాడు.

ఆఫీసులో ఇద్దర్నీ ఒకే రోజు పిలిచారు. పొడుగు గది, మధ్యలో బల్ల, తలుపు దగ్గర బెంచీ. బెంచీ మీద పిల్లను కూర్చోబెట్టారు.

"మా అన్న రక్తం మేడం. పరాయి పంచన ఎందుకుండాలి?" అన్నాడు బాబాయి.

"మీ అన్న రక్తానికి మొన్నటిదాకా మీ ఇంటి దారి తెలీదా?" అంది కత్తెరమ్మ.

"వదినా, మీకా పిల్లల్లేరు, పెంచడం ఏం తెలుసు?"

"నీకున్నారుగా కవలలు. పాపం, మీ ఆవిడకి వాళ్ళని ఎత్తుకునే మనిషి కావాలి. అదీ నీ రక్తం కథ."

బాబాయి భార్య ఒంటికాలి మీద లేచింది. చంకలో ఒక పసివాడు, ఒళ్ళో ఇంకొకడు. "అవునక్కా, ఎత్తుకుంటే తప్పేంటి? ఊరికే కూర్చోబెట్టి మేపడానికి మా ఇల్లేమన్నా సత్రమా? దీన్ని కన్నది వదిలించుకుని పోయింది. దిక్కులేని దానికి నీడ ఇస్తామంటే మాకే పేర్లు పెడతారా?"

ఈ మాటలన్నీ బెంచీకి వినిపిస్తూనే ఉన్నాయి. గదిలో నలుగురు పెద్దవాళ్ళుంటే ఒక్కరికీ పిల్లను బయట కూర్చోబెడదామని తట్టలేదు. ఆఫీసరమ్మకూ తట్టలేదు, ఆవిడ రాసుకుంటోంది.

రాయడం ఆపి ఆఫీసరమ్మ అడిగింది, "టైలరమ్మగారూ, మీ చెల్లెలు ఎక్కడుందో మీకు తెలుసా? ఒక్క ఫోన్ నంబరైనా?"

తెలుసని చెబితే చెల్లెలి కాపురం ఆ పూటే కూలుతుంది.

"తెలీదు మేడం."

"మళ్ళీ వస్తుందో రాదో కూడా..."

"నాకేం తెలీదు మేడం. ఏం తెలీదు."

పిల్ల బెంచీ మీద కదలకుండా కూర్చుని ఉంది. ఆఫీసరమ్మ రెండిళ్ళకూ వచ్చి చూస్తానంది.

ఆ రాకడ కోసం కత్తెరమ్మ పిల్లకు గౌన్లు కుట్టడం మొదలుపెట్టింది. తన కోసమని ఎప్పటి నుంచో పెట్టెలో దాచుకున్న నీలం గుడ్డ తీసింది. రెండు గౌన్లు దాంతోనే అయ్యాయి, మూడోదానికి పసుప్పచ్చ పువ్వుల గుడ్డ కొత్తగా తెచ్చింది. పిల్లల బట్టలు కుట్టేటప్పుడు ఆమెకో అలవాటుంది. అంచు లోపలికి జానెడు గుడ్డ మడిచి కుట్టేస్తుంది. పిల్ల ఎదిగే కొద్దీ ఒక్కో మడత విప్పుకోవచ్చు. అడిగినా అడక్కపోయినా వేస్తుంది, ఆ వీధిలో తల్లులంతా ఆ మడతకే ఈవిడ నోటిని భరిస్తారు. సొంత పిల్లకు వేసేటప్పుడు ఇంకా ఉదారంగా, ఒకటికి మూడు మడతలు వేసింది.

పిల్ల ఆ బరువైన అంచును పట్టుకుని చూసింది. "ఇంత గుడ్డ లోపలెందుకు పెద్దమ్మా?"

"వచ్చే ఏడు ఒకటి విప్పుతా. ఆపై ఏడు ఇంకోటి. ఆ తర్వాత మూడోది. అప్పటికి నువ్వు నా భుజం దాకా వస్తావు."

ఈ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. జన్మలో అంత తియ్యని మాట ఆమె ఎవరితోనూ అనలేదు. పిల్ల అంచును వేళ్ళతో తడిమి మూడు మడతలూ లెక్కపెట్టుకుంది.

మర్నాడు కత్తెరమ్మ కుట్టిన బట్టలు ఇవ్వడానికి పక్క వీధికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పిల్ల బల్ల కింద పెద్ద కత్తెర పట్టుకుని కూర్చుంది. మూడు గౌన్ల అంచులూ చుట్టూరా కత్తిరించేసి ఉన్నాయి. మడతలు మొత్తం పోయాయి. నీలం పేలికలు, పసుప్పచ్చ పేలికలు నేల మీద పడున్నాయి. గౌన్లు మోకాళ్ళ పైకి పొట్టిగా, పీచు తేలి, ఎందుకూ పనికిరాకుండా అయిపోయాయి.

కత్తెరమ్మకు ఒళ్ళు తెలియలేదు. చేతికి అందిన చెక్క స్కేలు తీసుకుని పిల్ల పిక్కల మీద వాయించింది. "పాముకి పాలు పోసినట్టైంది! నా గుడ్డ, నా చేతులు, నా కళ్ళు! ఇలా తగలేస్తావా? పో, మీ బాబాయి ఇంటికే పో, అంట్లు తోముకుని బతుకు!"

పిల్ల ఏడవలేదు, తప్పించుకోనూ లేదు. దెబ్బలు తిన్నంతసేపూ ఆమె మొహంలోకే చూసింది. కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టాక కత్తెరమ్మ కూలబడింది. తర్వాత తానే మందు తెచ్చి రాసింది, రాస్తూ తిట్టింది. ఎందుకు కత్తిరించావే అని మాత్రం అడగలేదు. అరే, అడగొచ్చు కదా! అంత పొడుగు నోరు పెట్టుకుని ఆ ఒక్క ప్రశ్నకి కరువొచ్చిందా అని ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆఫీసరమ్మ రెండు రోజుల్లోనే వచ్చింది. ఇల్లు చూసింది, పిల్ల పుస్తకాలు చూసింది, వెనక గదిలో పిల్లతో ఒంటరిగా మాట్లాడతానని తలుపు వేసుకుంది. కత్తెరమ్మ ముందు గదిలో మిషను తొక్కుతూ కూర్చుంది. కాసేపటికి చూసుకుంటే సూదిలో దారమే లేదు.

తలుపు తెరుచుకుంది. ఆఫీసరమ్మ పిల్ల కాలు వెనక్కి తిప్పి చూపించింది. చెక్క స్కేలు వాతలు ఇంకా నల్లగా ఉన్నాయి.

"మీరు కొట్టారా?"

"కొట్టాను మేడం. గౌన్లన్నీ కత్తిరించేసింది."

"సూదులతో కూడా గుచ్చుతారట?"

"ఏంటీ?"

"అన్నం పెట్టకుండా బల్ల కింద కూర్చోబెడతారట. వాళ్ళమ్మని బూతులు తిడతారట. బాబాయి ఇంటికి పో, అంట్లు తోముకో అన్నారట."

చివరి మాట తాను నిజంగా అన్నదే. ఆ ఒక్కటి కాదనలేక కత్తెరమ్మ మిగతావాటికీ నోరు మెదపలేకపోయింది. పిల్ల వైపు చూసింది. పిల్ల గోడకున్న దారపు రీళ్ళను చూస్తోంది.

అలాగైతే పిల్ల బాబాయికి పోయిందనుకుంటారేమో. అక్కడా అదే జరిగింది. ఆఫీసరమ్మ పిల్లను వాళ్ళింటికి తీసుకెళ్తే, ఆవిడ ఎదుటే పసివాణ్ణి చేతికిచ్చారట. పిల్ల, "నాకిస్తే మెట్ల మీంచి పారేస్తాను" అందట. చెప్పింది చెప్పినట్టు, నింపాదిగా, రెండుసార్లు. బాబాయి భార్య పిల్లాణ్ణి లాక్కుని, "బాబోయ్, ఈ దెయ్యం మా కొంపకొద్దు తల్లీ" అని దండం పెట్టిందట. బాబాయి తన రక్తాన్ని ఆ రోజే మర్చిపోయి మళ్ళీ షాపుకు వెళ్ళిపోయాడు.

పిల్లను ఊరి చివర బాలికల హోముకు పంపారు. ఆఫీసు బండి ఎక్కేటప్పుడు కత్తెరమ్మ బట్టల సంచి అందించింది. పిల్ల మొహంలో చిన్న నవ్వు. పరీక్ష బాగా రాసినవాళ్ళ నవ్వు. కత్తెరమ్మ ఇంటికి వెళ్ళి బల్ల కిందకు తొంగిచూసి, వీధంతా వినిపించేలా ఏడ్చింది. జనం చేరారు. "పిల్లల్ని అలా కొడితే ఎవరుంచుతారమ్మా" అని తలోమాట అన్నారు. నోరున్నవాళ్ళకు ఒక్కరోజు నోరు పడిపోతే లోకానికి ఎంత సంబరమో!

ఆఫీసరమ్మ మాత్రం దారి మూసెయ్యలేదు. "ప్రతి ఆదివారం వెళ్ళి చూడండి. పిల్లతో బాగా ఉంటున్నారని వార్డెను చెబితే మీ అర్జీ మళ్ళీ చూస్తాం. ఇంకెవరూ లేరు కదా దానికి" అంది.

కత్తెరమ్మ ఆదివారాలు షాపు మూసేసి వెళ్ళేది. హోములో వరండా పొడుగునా సిమెంటు అరుగు, చూడటానికి వచ్చినవాళ్ళంతా అక్కడే కూర్చోవాలి. పళ్ళు తీసుకెళ్ళేది, రిబ్బన్లు తీసుకెళ్ళేది. ఆ వయసులో మెత్తగా మాట్లాడటం నేర్చుకుంది. "బాగున్నావా అమ్మా" అంటుంటే ఆమె నోటికే ఆ మాటలు అద్దెకు తెచ్చుకున్నట్టుండేవి. అడిగినదానికి పిల్ల తలూపేది. వార్డెను మంచిగానే రాసింది. వచ్చే నెలలో పిల్లను ఇంటికి పంపే సంగతి మాట్లాడదామని ఆఫీసు నుంచి కబురొచ్చింది.

ఆ వార్త పట్టుకుని ఆమె ఆదివారం పొద్దున్నే హోముకు వెళ్ళింది.

"పిడుగూ, నిన్ను ఇంటికి పంపిస్తారటే!"

పిల్ల మొహం పాలిపోయింది. "నువ్వింక రాకు పెద్దమ్మా."

"ఏంటే?"

"నువ్వొస్తుంటే నాకు నువ్వున్నావనుకుంటున్నారు. అందుకే అమ్మని పిలవట్లేదు."

కత్తెరమ్మకు అర్థం కాలేదు. పిల్ల ఓపిగ్గా, చిన్నపిల్లలకు చెప్పినట్టు విడమరిచి చెప్పింది. "స్కూల్లో సాయంత్రం నన్నెవరూ తీసుకెళ్ళకపోతే అమ్మకే ఫోన్ చేసేవాళ్ళు. ఎంత పనున్నా వచ్చేది. పక్కింటి ఆంటీ వచ్చి తీసుకెళ్తే మాత్రం అమ్మ వచ్చేది కాదు. నువ్వేమో మూడేళ్ళకి సరిపడా గౌన్లు కుట్టేశావు. నువ్వూ వద్దంటే, బాబాయీ వద్దంటే, అప్పుడు అమ్మే రావాలిగా."

ఇదీ సంగతి. సూదులు, బల్ల కింద ఆకలి, మెట్ల మీంచి పసివాడు, అన్నీ ఇందుకే. కత్తెరమ్మ ఆ పిల్లను దగ్గరికి లాక్కుని ఏడ్చి ఉంటే బాగుండేది. కానీ పాత కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఇన్నాళ్ళ అవమానం, వీధి మాటలు, ఎవరి కోసమైతే ఒట్టు వేసిందో ఆ చెల్లెలి మీద కసి, అన్నీ కలిసి నోట్లో కత్తెర మళ్ళీ తెరుచుకుంది.

"మీ అమ్మ రాదే! ఇంకో పెళ్ళి చేసుకుంది. నువ్వసలు పుట్టనే లేదని చెప్పుకుని బతుకుతోంది. చచ్చినా రాదు!"

పిల్ల బెదరలేదు. "నీకెలా తెలుసు? అమ్మెక్కడుందో తెలీదని ఆఫీసులో చెప్పావుగా. నేను విన్నా. ఏం తెలీదన్నావు. నువ్వే అబద్ధాలు చెప్తున్నావు, నన్ను ఉంచుకోవడానికి."

వాదనలో ఓడిపోవడం కత్తెరమ్మకు పుట్టుకతో రాలేదు. చర్రున ఫోను తీసింది. పిల్ల తొంగిచూసి చదివింది, "గుండీల కొట్టుకి ఎందుకు చేస్తున్నావు?" ఆమె వినిపించుకోకుండా స్పీకరు పెట్టింది. నాలుగుసార్లు మోగింది.

"హలో, ఎవరండీ?" చెల్లెలి గొంతే. వెనకాల ఎవరో మగమనిషి నవ్వుతున్నాడు, గిన్నెల చప్పుడు.

"నేనే. ఇదిగో, నీ కూతురితో మాట్లాడు."

పిల్ల రెండు చేతులతో ఫోను పట్టుకుని, "అమ్మా" అంది. "అమ్మా, నేను. నేను హోములో ఉన్నా. ఇక్కడ ఎవరూ లేరమ్మా నాకు. ఇంక నువ్వు రావచ్చు."

"ఎవరే ఫోను?" అన్నాడు వెనకాల మనిషి.

"రాంగ్ నంబరండీ," అంది చెల్లెలు. మాట సగంలో వణికింది. ఫోను కట్టయిపోయింది.

కత్తెరమ్మ గెలిచింది. గెలిచిన మరుక్షణమే నాలుక కోసుకుందామనిపించింది. పిల్ల చాలాసేపు ఫోను వంక చూసింది. తర్వాత తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"అమ్మకి జలుబు చేసినట్టుంది," అంది. "గొంతు మారిపోయింది."

లేచి, గౌను దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. వరండా కిటికీలోంచి దాని మాటలు వినిపించాయి. దాని వయసు పిల్లలందరినీ పోగేసి చెబుతోంది, ఇన్నాళ్ళలో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా: "మా అమ్మ ఫోన్లో మాట్లాడింది! జలుబంట. తగ్గగానే వచ్చి తీసుకెళ్తుందంట!"

కత్తెరమ్మ అరుగు మీదే కూర్చుంది. కాసేపటికి వార్డెనమ్మ బయటికొచ్చింది. ఆవిడ మొహం గంభీరంగా ఉంది.

"టైలరమ్మగారూ, పిల్ల వాళ్ళమ్మతో మాట్లాడిందటగా, మీ ఫోన్లోనే. మీకు ఆమె జాడే తెలీదని ఆఫీసులో చెప్పారు కదండీ?"

కత్తెరమ్మ ఫోనును కొంగులో చుట్టుకుంది.

"నేనిది పైకి రాయాలండీ. ఇన్నాళ్ళూ తల్లి సంగతి దాచిపెట్టి పిల్ల కావాలని అర్జీ పెట్టారంటే ఇంక మీకు ఇవ్వరు. ఏమనుకోకండి. ఆ నంబరు చూపించండి, రాసుకుంటాను."

వార్డెనమ్మ చెయ్యి చాచింది. లోపల పిల్లలు అమ్మ ఎప్పుడొస్తుందని గోలగోలగా అడుగుతున్నారు, ఆ పిల్ల ఒక్కొక్కరికీ జవాబు చెబుతోంది. చెల్లెలి మీద వేసిన ఒట్టు కత్తెరమ్మకు గుర్తుకొచ్చింది. గుండీల కొట్టు నంబరు తెరిచి ఫోను ఇచ్చేసింది.